హాప్స్ కొంటున్నారా? ఆ 'ఫ్రెష్ స్టాక్' ఆయనతో జాగ్రత్త

ఆయన ఎవరో ఇంట్లో పేల్ ఏల్ బీరు పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) పంపుతాడు, ప్రతి ఫొటో కిందా "ఫ్రెష్ స్టాక్ సార్" అని పెడతాడు. ఆయన దగ్గరే అమలాపురానికి అమెరికన్ పేల్ ఏల్ కిట్ తెప్పించాను. 4,200 రూపాయలు, మొత్తం ముందే కొట్టేశాను. అంత నమ్మకం మరి, మహానుభావుడి మీద!

గుండిగలో 20 లీటర్ల వోర్ట్ (మాల్ట్ నుంచి తీసిన తీపి రసం) మరుగుతుండగా కాస్కేడ్ రకం హాప్స్ ప్యాకెట్ కత్తిరించాను. కాస్కేడ్ అంటే పంపరపనస వాసన గుప్పుమనాలి. 1980లో సియెర్రా నెవాడా అనే అమెరికన్ బీరు కంపెనీ వాళ్ళు తమ పేల్ ఏల్‌లో వేసినప్పటి నుంచీ దాని పేరు ఆ వాసనతోనే కదా. నా ముక్కుకి తగిలింది మురిగిన జున్ను కంపు. పచ్చగా ఉండాల్సిన హాప్స్ గుళికలు గోధుమరంగుకి తిరిగాయి. ప్యాకెట్ మీద స్టిక్కర్ చూస్తే కోత సంవత్సరం 2024 అని ఉంది. అంచు కొంచెం లేచి ఉంటే గోరుతో లాగాను. కింద ఇంకో స్టిక్కర్. 2020!

అప్పటికప్పుడు కోనసీమలో ఏ కిరాణా కొట్టుకి వెళ్ళి హాప్స్ అడగను? అవే వేశాను. ఈస్ట్ అయినా పనిచేస్తుందనుకుంటే అదీ లేదు. ఏసీ గదిలో పెట్టి, కరెంటు పోయినప్పుడల్లా బకెట్‌కి తడి గోనెసంచి చుట్టి కాపలా కాశాను. నురగ లేదు, గ్యాస్ బయటికి పోయే ఎయిర్‌లాక్ గొట్టంలో ఒక్క బుడగ లేదు. పులిసేకొద్దీ రీడింగ్ తగ్గాల్సిన హైడ్రోమీటర్ 1.050 దగ్గర మొదలైంది, అక్కడే కూర్చుంది. చివరికి పుల్ల కంపు మొదలైతే మొత్తం డ్రైనేజీలో పోశాను.

ఫోన్ చేస్తే, "మీ గోదావరి ఎండలకి ఈస్ట్ చచ్చిపోతే నేనేం చేస్తానండీ?" అన్నాడు. పార్సిల్ వచ్చిన పూటే ఫ్రిజ్‌లో పెట్టానండీ, మరి స్టిక్కర్ కింద స్టిక్కర్ సంగతేంటని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "కంప్లైంట్ ఇచ్చుకోండి సార్. ఏమని ఇస్తారు? ఇంట్లో బీరు కాస్తే పొంగలేదనా? అయినా మీకు తాటికల్లు ఉంటుంది కదా, ఇవన్నీ ఎందుకు?"

డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది. లైసెన్సు లేకుండా బీరు తయారుచేయకూడదన్న సంగతి అమ్మేటప్పుడు ఆయనకి గుర్తులేదు, రిఫండ్ అడిగేసరికి గుర్తొచ్చింది. వ్యాపారమంతా ఆ ధైర్యం మీదే నడుస్తోంది: కొన్నవాడు నోరెత్తలేడు. అమెరికాలో అయితే ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లోనే చట్టం చేశారు. అక్కడి వాళ్ళకి ఇలాంటి స్టిక్కర్ అంటించి, ఇలాగే నవ్వి చూడమనండి!

అన్నట్టు, ఎవరి దగ్గర కొన్నా సరే, ప్యాకెట్ విప్పేది వీడియో తీసుకోండి, స్టిక్కర్ గీకి చూడండి. పొయ్యి వెలిగించకముందే చిటికెడు ఈస్ట్ గోరువెచ్చని పంచదార నీళ్ళలో వేసి చూడండి. నురగ రాకపోతే ఆ రోజుకి గుండిగ దించేయండి. నన్నయితే ఆయన బ్లాక్ చేశాడు. రెండు స్టిక్కర్ల ఫొటోలూ నా దగ్గరున్నాయి, కావాల్సినవాళ్ళు అడగండి.