జాగ్రత్త: చెన్నైలో వానలకు ముందు అమ్మే ఒక్కపూట అండర్‌బాడీ ప్యాకేజీ కొనకండి

అక్టోబరు దగ్గర పడితే చాలు, చెన్నైలో కారు డీటెయిలింగ్ షాపులన్నీ ఒకే ప్యాకేజీ అమ్మడం మొదలుపెడతాయి. అండర్‌బాడీకి, అంటే బండి అడుగుకు, తుప్పు పట్టకుండా తారులాంటి యాంటీ రస్ట్ కోటింగ్, ఇంజిన్ క్లీనింగ్, ఇంటీరియర్ డీప్ క్లీనింగ్, ఏసీ వాసన పోగొట్టడం, అన్నీ కలిపి పొద్దున బండి ఇస్తే మధ్యాహ్నానికి తాళాలు చేతికి. బండిని ప్రాణంగా చూసుకునేవాళ్ళే ఎక్కువగా ఇందులో పడుతున్నారు. కంటికి కనబడని చోట కూడా బండి శుభ్రంగా ఉండాలన్న వాళ్ళ కోరిక చాలా మంచిది. కానీ ఈ ప్యాకేజీ ఆ కోరిక తీర్చదు, పైగా బండిని లోపల్నుంచి పాడుచేస్తుంది.

ఈమధ్య గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కిన ఒక హ్యాచ్‌బ్యాక్ సంగతి చూడండి. కోటింగ్ వేసి ఏడాది కూడా కాలేదు. కింద నుంచి చూస్తే నల్లగా, నున్నగా, కొత్తదానిలా ఉంది. ముందు చక్రం వెనకాల గోరుతో గీస్తే తారు పొర అట్టలా ఊడి వచ్చింది. దాని వెనక తడి ఇంకా ఆరని ఎర్రమన్ను, దాని కింద తుప్పు. ఎడమ తలుపు ఊపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి. తలుపు అడుగున ఉండే రంధ్రాలు రెండూ కోటింగ్‌తో మూసుకుపోయాయి. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితే, దాని అడుగున దూదిలా ఉండే ఫెల్ట్ పొర పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంది. మూడు లోపాలూ ఒక్క కారణం నుంచి వచ్చినవే: లోపలికి పంపిన నీళ్ళు ఆరబెట్టడానికి, రంధ్రాలు మూసుకుపోకుండా చూడడానికి ఆ ఒక్కపూటలో టైమే లేదు.

చెన్నైలో ఇది మిగతా ఊళ్ళకంటే ఎందుకు ప్రమాదమంటే, ఇక్కడ తడితో పాటు ఉప్పు కూడా ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్ళు లాక్కుని కరిగిపోతుంది. సముద్రం పక్కనుండే బెసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు రాత్రుళ్ళు తేమ తరచూ ఆ గీత దాటుతుంది. అంటే అతుకుల్లో ఉప్పు మిగిలి ఉంటే, వాన పడకపోయినా ఆ ఇనుము రాత్రి తడుస్తూనే ఉంటుంది. దాని మీద తారు పూస్తే తేమ బయటికి పోయే దారి కూడా పోతుంది.

వాటర్ వాష్‌కు వాడే నీళ్ళ సంగతి ఎవరూ అడగరు. దక్షిణ చెన్నై తీరం వెంబడి చాలా బోర్లలో ఉప్పునీళ్ళే వస్తాయి. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు పట్టుకెళ్ళి షాపు పైపు నీళ్ళలో ముంచి చూడండి. 2000 చూపిస్తే, బండి అడుగున ఆవిరయ్యే ప్రతి లీటరు నీరూ 2 గ్రాముల లవణాలు అక్కడే వదిలిపెడుతుంది. బురద వదిలించడానికి ఆ నీళ్ళు వాడినా ఫరవాలేదు, చివరి కడుగు మాత్రం 500 లోపు ఉన్న నీళ్ళతో చేయమనండి. రెండు మూడు బకెట్ల మంచినీళ్ళు, ఒక చిన్న పంపు ఉంటే ఆ పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు పని ఎలా జరగాలో. ముందు నాలుగు చక్రాలూ ఊడదీయాలి. చక్రం పైన గొడుగులా ఉండే ప్లాస్టిక్ ఫెండర్ లైనర్ కూడా విప్పాలి. ఇది విప్పకుండా వేసిన కోటింగ్‌కు డబ్బులు ఇవ్వడం వృథా. ఎందుకంటే చక్రం విసిరే మన్ను లైనర్ వెనక, ఫెండర్ కింది మూలలో, సిల్ (తలుపుల కింద పొడవునా ఉండే బోలు రేకు) మొదలయ్యే చోట గూడు కట్టుకుంటుంది. తుప్పు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. లైనర్ విప్పడానికి 10 మి.మీ. సాకెట్, స్టార్ బిట్, క్లిప్పులు లేపే ప్లాస్టిక్ పట్టీ చాలు. పాత క్లిప్పులు కొన్ని తప్పకుండా విరుగుతాయి. కొత్తవి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ముందే కొని ఉంచండి, లేకపోతే ఆ చోట ట్యాగ్ వైర్ బిగించి పంపేస్తారు, రెండు నెలల్లో లైనర్ టైరుకు రాసుకుంటుంది. ఇంజిన్ కింది ప్లాస్టిక్ ట్రే సంగతీ ఇదే.

మన్ను చేత్తో, బ్రష్‌తో తీసి, ఆ తర్వాతే నీళ్ళు కొట్టాలి. నూనె జిడ్డు ఉన్నచోట డీగ్రీజర్ వేసి కడగాలి, జిడ్డు మీద ఏ కోటింగూ అతకదు. తర్వాత కంప్రెసర్ గాలి అతుకుల్లోకి, సిల్ రంధ్రాల్లోకి కొట్టి, ఫ్యాన్ పెట్టి కనీసం ఒక రాత్రి వదిలేయాలి. ముసురు పట్టి ఉంటే ఇంకో రోజు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి టిష్యూ పేపరు మడిచి అతుకులోకి దూర్చి తీయండి. తడి తగిలితే ఆ రోజు కోటింగ్ వద్దనండి. షాపువాళ్ళు అలిగినా సరే, ఆపండి.

పైపైన తుప్పు కనబడితే వైర్ బ్రష్‌తో వదులుగా ఉన్నదంతా రాలగొట్టి, మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ పూసి, అది నల్లబడి ఆరాక ప్రైమర్ వేసి, అప్పుడు కోటింగ్. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయేంత తుప్పయితే అది కోటింగ్ పని కాదు, రేకు కోసి వెల్డింగ్ చేయాల్సిన టింకరింగ్ పని. దాని మీద నల్లరంగు కొట్టేవాడు దాచిపెడుతున్నాడని అర్థం.

ఎంత కొట్టారన్నది లెక్కతో పట్టుకోవచ్చు. 3.8 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న బండి అడుగు దాదాపు ఆరున్నర చదరపు మీటర్లు. ఇంజిన్, సైలెన్సర్, ట్యాంకు ఉన్న చోట్లు లెక్కలోంచి తీసేసి, వీల్ ఆర్చ్‌లు (చక్రాల పైని గూళ్ళు) కలిపితే 5 చదరపు మీటర్లు అనుకుందాం. ఆరిన తర్వాత అర మిల్లీమీటరు మందం ఉండాలంటే రెండున్నర లీటర్ల గట్టి పదార్థం అక్కడ మిగలాలి. డబ్బాలో సగం ఆవిరైపోయే సాల్వెంటే అయితే 5 లీటర్లు కొట్టాలి. ఒక్క లీటరు డబ్బాతో బండంతా పూర్తయిందంటే ఆరాక మిగిలేది 100 మైక్రాన్లు, మామూలు తెల్లకాగితం మందం. కాబట్టి సీలు తీయని డబ్బాలు మీ ముందే తెరవమనండి, ఖాళీ డబ్బాలు చూపించమనండి.

ఇక్కడ ఇంకో మాట. ఈ కాలపు బండ్లు ఫ్యాక్టరీ నుంచే ఈడీ ప్రైమర్‌తో (కరెంటు సాయంతో రేకుకు పట్టించే ప్రైమర్) వస్తాయి, అడుగున చాలా బండ్లకు పీవీసీ పొర కూడా ఉంటుంది. ఆ పొర చెక్కుచెదరకుండా ఉంటే దాని మీద తారు పూయాల్సిన అవసరం లేదు. తారు కాలం గడిచేకొద్దీ గట్టిపడి చిట్లుతుంది, ఆ చీలికలోంచి నీళ్ళు దూరి పొర వెనకాలే ఉండిపోతాయి. అలాంటి బండికి నిజంగా కావాల్సింది క్యావిటీ వ్యాక్స్: సిల్, క్రాస్ మెంబర్ (అడుగున అడ్డంగా ఉండే దూలం), తలుపుల లోపలి బోలులోకి మీటరు పొడవు సన్నని గొట్టంతో, చుట్టూ చిమ్మే నాజిల్‌తో కొట్టే మైనం. అది అతుకుల్లోకి పాకుతుంది, మెత్తగానే ఉంటుంది. మైనం కొట్టడానికి తీసిన రబ్బరు బిరడాలు లెక్కపెట్టుకుని మళ్ళీ పెట్టించండి. చాలా షాపులు ఈ పని చేయవు, ఎందుకంటే ఇది బయటికి కనబడదు, ఫోటోలో నల్లగా మెరవదు.

కోటింగ్ తగలకూడనివి కూడా ముందే టేపు, కాగితంతో మూయించాలి. సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ మీద పడితే వేడికి కాలి కంపు కొడుతుంది. బ్రేక్ డిస్కుల మీద, క్యాలిపర్ల మీద పడితే అది ప్రాణాల సంగతి. ఏబీఎస్ సెన్సర్లు, డ్రైవ్‌షాఫ్ట్ రబ్బరు బూట్లు, షాక్ అబ్జార్బర్ రాడ్లు, గేర్‌బాక్స్‌కు గాలి ఆడే బ్రీదర్, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, వీటన్నిటినీ మూయాలి. ఎలక్ట్రిక్ బండయితే ఇంకా జాగ్రత్త: బ్యాటరీ ప్యాక్‌కు గాలి ఆడే వాల్వులుంటాయి, అవి మూసుకుపోకూడదు. నారింజ రంగు కేబుళ్ళ దగ్గర ప్రెషర్ నీళ్ళు కొట్టనివ్వకండి. ఎలక్ట్రిక్ బండికి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగకుండా కోటింగ్ అసలు వద్దు.

నీటి రంధ్రాల సంగతి విడిగా చెప్పాలి. ప్రతి తలుపు కింది అంచున, సిల్ అడుగున, డిక్కీ మూలల్లో ఇవి ఉంటాయి. అద్దం పక్క రబ్బరులోంచి వాన నీళ్ళు తలుపులోకి దిగడం లోపం కాదు, దాన్ని అలాగే తయారుచేస్తారు. ఆ నీళ్ళు కింద రంధ్రంలోంచి పోవాలి. పని మొదలవక ముందే ప్రతి రంధ్రాన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. పూర్తయ్యాక అద్దం వెంబడి అర లీటరు నీళ్ళు పోసి కింద నుంచి కారుతున్నాయో లేదో చూడండి.

ఇంజిన్ క్లీనింగ్ పేరుతో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, వేడి ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టడం. స్పార్క్ ప్లగ్ గుంతల్లో నీళ్ళు నిలిస్తే బండి మిస్ కొడుతుంది, ఆల్టర్నేటర్‌లోకి, ఫ్యూజ్ బాక్సులోకి వెళితే ఆ ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. ఇంజిన్ చల్లారాక ఎయిర్ ఇన్‌టేక్, ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) ప్లాస్టిక్ కవర్లతో కప్పి, నీళ్ళలో కలిపిన డీగ్రీజర్, బ్రష్, తడిగుడ్డతో చేయాల్సిన పని అది. రెండోది, మెరుపు కోసం డీజిల్ గానీ పాత ఇంజిన్ ఆయిల్ గానీ స్ప్రే చేయడం. కూలెంట్ హోస్‌లు, సస్పెన్షన్ బుష్‌లు ఎక్కువగా నూనె పడని రబ్బరుతో చేసినవి. నూనె పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. నిప్పు ప్రమాదం దీనికి అదనం. ఇంజిన్ బే జిడ్డుగా మెరుస్తుంటే వేలితో తుడిచి వాసన చూడండి.

వైపర్ల కింద గట్టర్‌లో వేపాకులు, గుల్‌మొహర్ పూరేకులు పేరుకుంటాయి. దాని డ్రెయిన్ మూసుకుంటే వాన నీళ్ళు బ్లోయర్‌లోకి, అక్కడ్నుంచి పక్క సీటు కాళ్ళ దగ్గరికి వస్తాయి. చేత్తో ఏరి తీయాలి, ప్రెషర్ గన్‌తో లోపలికి తోయకూడదు. సన్‌రూఫ్ ఉంటే ఇంకా ముఖ్యం: మూలల నుంచి పిల్లర్ల లోపలగా సన్నని గొట్టాలు దిగుతాయి, కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే అవి లోపలే ఊడిపోతాయి. 2 మి.మీ. మెత్తని నైలాన్ తీగతో శుభ్రం చేసి, మూలకు 100 మి.లీ. నీళ్ళు మెల్లగా పోసి చూడాలి.

ఇంటీరియర్‌లో సీట్లు ఊడదీయకుండా డీప్ క్లీనింగ్ అవదు. కానీ ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి, అవి సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లకు, గుద్దినప్పుడు సీట్ బెల్టును బిగించే ప్రీటెన్షనర్లకు సంబంధించినవి. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగాకే వాటిని ముట్టుకోవాలి. అవి విప్పి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, చాలా బండ్లలో స్కానర్ పెట్టి చెరిపేదాకా పోదు. సీటు బోల్టులు చేతి అంచనాతో కాదు, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

కార్పెట్ మీద బకెట్లతో నీళ్ళు పోస్తే పైన పీచు సాయంత్రానికి ఆరుతుంది. కింద ఫెల్ట్ వారాలైనా ఆరదు. అద్దాలు ఎత్తి ఎండలో పెట్టిన బండిలో ఆ తడే బూజు, మూడో రోజుకల్లా ముక్కు పట్టుకునే వాసన. నురగ చల్లి, బ్రష్ చేసి, తడిని పీల్చే ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్‌తో లాగేయాలి. బండి తీసుకునేటప్పుడు తలుపు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ లేపి కార్పెట్ కిందికి పొడి టిష్యూ దూర్చి చూడండి. సెంటు వాసన గుప్పుమంటుంటే ఇంకా జాగ్రత్తగా చూడండి.

ఏసీ గురించి రెండే మాటలు. వాసన ఎక్కువగా గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీది బూజు వల్ల వస్తుంది, పొగ మెషిన్ దాన్ని కడగదు. అల్యూమినియానికి పడే ఫోమ్ క్లీనరే వాడాలి, యాసిడ్ వద్దు. గ్యాస్ టాపప్ కూడా అంటగడతారు. గ్యాస్ వాడితే అరిగిపోయేది కాదు, తగ్గిందంటే లీకు ఉన్నట్టు. లీకు పట్టుకుని, బానెట్ కింది స్టిక్కర్‌లో ఉన్న గ్రాముల లెక్క ప్రకారం తూచి నింపాలి.

పాత బండి కొనేవాళ్ళకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో నగరంలో చాలా బండ్లు మునిగాయి. వేళచ్చేరిలో వాన పెద్దదంటే జనం కార్లు ఫ్లైఓవర్ ఎక్కించేది అందుకే. మునిగిన బండిని దాచడానికి ఇదే ప్యాకేజీ పనికొస్తుంది. అడుగు కొత్తగా నల్లగా ఉంటే కోటింగ్ బిల్లు, దానికి ముందు తీసిన ఫోటోలు అడగండి. సీట్ బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీటు పట్టాల తుప్పు, పసుపు కనెక్టర్ల దగ్గర మట్టి, ఈ మూడూ కడిగినా పూర్తిగా పోవు.

డబ్బులిచ్చే ముందు బిల్లులో ఏ కంపెనీ కోటింగ్, ఎన్ని లీటర్లు, ఏ భాగాలు విప్పారు, ఎన్ని గంటలు ఆరబెట్టారు అన్నవి రాయించుకోండి. గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవడానికి ఆ కాగితం, మీ ఫోటోలే ఆధారం.

ఇప్పటికే చేయించేసినవాళ్ళు ఈ వారమే ఒక పని చేయండి. తలుపుల కింది రంధ్రాలు ఒక్కొక్కటీ వెదికి, ప్లాస్టిక్ పుల్లతో కోటింగ్ తీసి నీళ్ళు పోనివ్వండి. ఇనుప చువ్వ వద్దు, అంచున పెయింట్ లేస్తే అక్కడే తుప్పు. తర్వాత లిఫ్ట్ మీద టార్చి వేసి అడుగంతా వేలితో తట్టుకుంటూ రండి. డొల్లగా మోగిన చోట పొర కింద ఖాళీ ఉన్నట్టు. ఆ మేరకు గీకి తీసి, ఆరబెట్టి, ప్రైమర్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టించండి. ఇది వానలు పట్టకముందే కావాలి, నవంబరులో ఆ ఇనుము ఆరదు.