ప్రేమతో సత్యం చెప్పడం నేర్పే ఆరు వారాల తరగతి: నా అనుభవం

మా పట్టణంలోని ఒక క్రైస్తవ సంఘం, ఇంట్లోనూ సంఘంలోనూ కష్టమైన నిజాలను ఎలా చెప్పాలో నేర్పడానికి శనివారం సాయంత్రాల్లో ఆరు వారాల తరగతి నిర్వహిస్తోంది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4:15లోని ‘ప్రేమ గలిగి సత్యము చెప్పుచు’ అన్న మాట దానికి ఆధారం. ప్రవేశ రుసుము లేదు, అభ్యాస పుస్తకానికి మాత్రం 100 రూపాయలు తీసుకుంటారు. మా జట్టులో 14 మందిమి ఉన్నాం.

నేను ఎందుకు చేరానో చెప్పకపోతే ఈ అభిప్రాయానికి విలువ ఉండదు. రెండేళ్ళ క్రితం మా గృహప్రవేశ ప్రార్థన కూడికలో, బంధువులందరూ కూర్చుని ఉండగా, తమ్ముడి తాగుడు మానిపించమని ప్రార్థన చేయండంటూ పాస్టరు అయ్యగారిని అడిగాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా తమ్ముడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు, ఆ తరువాత మా గుమ్మం తొక్కలేదు. నిజమే చెప్పాను కదా అన్న ధైర్యంతోనే నేను ఇంతకాలం గడిపాను.

ఆ ధైర్యం రెండో వారంలోనే పోయింది. మత్తయి సువార్త 18:15 చదివించి, తప్పు చేసిన సహోదరుని దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్ళమని ప్రభువు చెప్పాడనీ, ఒకరిద్దరిని వెంటబెట్టుకోవడం, సంఘానికి తెలియజేయడం ఆ తరువాతి మెట్లనీ వివరించాక, పుస్తకంలో ఒక ఖాళీ పట్టిక నింపమన్నారు. మనసులో ఉన్న ఆ విషయాన్ని ఇప్పటివరకు ఎవరెవరికి చెప్పామో అందులో రాయాలి. నేను తొమ్మిది పేర్లు రాశాను. వాటిలో తమ్ముడి పేరు లేదు. మన కూడికల్లో ప్రార్థన విన్నపం పేరుతో ఒకరి తప్పును పదిమంది చెవిన వేసే అలవాటు ఎంత లోతుగా ఉందో ఆ పట్టిక చూశాకే నాకు అర్థమైంది.

బోధించే అమ్మగారు సముద్రతీర గ్రామంలో పుట్టి పెరిగినవారు. గలతీయులకు వ్రాసిన పత్రిక 6:1లో తప్పిదంలో చిక్కుకున్నవానిని మంచి దారికి తీసుకురావాలని ఉన్న చోట మూలంలో వాడిన గ్రీకు క్రియ, మత్తయి 4:21లో జాలరులు వలలు బాగుచేసుకోవడాన్ని చెప్పేటప్పుడు వాడినదేనని ఆమె చూపించారు. ఒక పాత వల ముక్క తెచ్చి, చిరుగు రెండంచులను పట్టి లాగితే అది ఎలా పెద్దదవుతుందో, ఒళ్ళో పరుచుకుని ఒక్కొక్క కన్నునే ముడివేస్తూ వస్తే ఎంతసేపు పడుతుందో మా కళ్ళ ముందే చేసి చూపారు. అదే వచనంలో సాత్వికమైన మనస్సు, తన విషయమై తాను చూసుకోవడం అన్న రెండు షరతులున్నాయి. అప్పటివరకు నేను ‘గద్దింపు’ అన్న మాటనే పట్టుకున్నాను గాని, ఈ రెంటినీ పట్టించుకోలేదు.

నాలుగో వారం పెద్దవారికి నిజం చెప్పడం గురించి జరిగింది. మన ఇళ్ళలో కోడలు అత్తగారికి, కొడుకు తండ్రికి ఎదురు చెప్పడం మర్యాద కాదంటారు కనుక ఈ పాఠం చాలా అవసరం. వృద్ధుని గద్దించక తండ్రిగా భావించి హెచ్చరించమన్న 1 తిమోతి 5:1ని, పేదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, తప్పు చేసిన దావీదు రాజు నోటనే తీర్పు పలికించిన తరువాతే ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్న నాతాను ప్రవక్తను పక్కపక్కన పెట్టి చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. నాతాను మాటను మెత్తబరచలేదు, రాజు వినగలిగే దారి వెతికాడు.

లోపం ఐదో వారంలో కనిపించింది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీ కూడా మొదట ఒంటరిగానే వెళ్ళి మాట్లాడాలా అని ఒక సహోదరి అడిగితే, ప్రార్థించి ఓపికపట్టమన్నంత మటుకే సమాధానం వచ్చింది. ఇది చిన్న లోపం కాదు. ప్రాణభయం ఉన్నచోట ఆమె ముందుగా భద్రమైన చోటికి చేరాలని, పెద్దల సహాయం, అవసరమైతే పోలీసుల సహాయం తీసుకోవాలని సూటిగా చెప్పి ఉండవలసింది. నిర్వాహకులతో ఈ మాట విడిగా కూర్చుని చెప్పాను. వారు విసుక్కోకుండా విని, వచ్చే జట్టుకు ఆ పాఠాన్ని మార్చి రాస్తామన్నారు.

ఆరో వారం ముగిశాక, మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి తమ్ముడి దుకాణానికి వెళ్ళాను. ముందు గృహప్రవేశం నాటి నా తప్పు ఒప్పుకున్నాను, తరువాత వాడి ఆరోగ్యం గురించి నా భయం చెప్పాను. వాడు షట్టర్ సగం దించి, “అన్నయ్యా, ఈ మాట నువ్వు నాతో అనడం ఇదే మొదటిసారి” అన్నాడు. తాగుడు ఇంకా మానలేదు గాని, ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు.