రిస్పెరిడోనా, అరిపిప్రజోలా? ఆడవాళ్ల లెక్క వేరు

అమీర్‌పేటలో ఉండే మా అక్కకి రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బు మందుతో చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం తగ్గింది గానీ, మూడు నెలలు పీరియడ్స్ రాలేదు, పైగా జాకెట్ మీద పాల మరకలు చూసి ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ మందు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర కూడా డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటుంది, దాంతో పాలు తెప్పించి పీరియడ్స్ ఆపే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. మగవాళ్లకీ పెరుగుతుంది, ఆడవాళ్లకి ఇంకా ఎక్కువ. అదే, ఇలాంటి జబ్బుకే వాడే అరిపిప్రజోల్ అయితే డోపమిన్ తలుపు పూర్తిగా మూయదు, ఓరగా వేస్తుంది, కాబట్టి ప్రొలాక్టిన్ సాధారణంగా పెరగదు. కాకపోతే కొందరిని కుదురుగా కూర్చోనివ్వదు. డాక్టర్ మందు మార్చాక అక్క వారం రోజులు అర్ధరాత్రి హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది! అయినా పీరియడ్స్ వచ్చే వయసు ఆడవాళ్లకి నా ఓటు రెండోదానికే. ఒక్క సంగతి, పీరియడ్స్‌తో పాటు గర్భం వచ్చే అవకాశమూ తిరిగొస్తుంది, అది మాకు ముందే ఎవరూ చెప్పలేదు.