హెడ్డుకు నాలుగు స్క్రూలు

బండి సస్పెన్షన్ బెలూన్లలోకి గాలి కొట్టే కంప్రెసర్ కొనేవారు నిమిషానికి ఎన్ని లీటర్లు కొడుతుంది, ఎంత పీఎస్ఐ ఒత్తిడి దాకా పోతుంది, ఎంత చప్పుడు చేస్తుంది అని చూస్తారు. అవన్నీ అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి నేను పోను. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే. హెడ్డు, అంటే సిలిండరు పైమూత, విప్పడానికి స్క్రూలు ఇచ్చారా, లేక అంచులు నొక్కి మూసేశారా? ఈ విషయంలో నాకు కోపమూ ఉంది, అభిమానమూ ఉంది. రెండు రకాలూ ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న మాటలివి.

బండి తొంభైల నాటి మినీ బస్సు. సీట్లు తీయించి పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించిన ఇల్లు. బరువంతా వెనుక ఇరుసు మీదే పడి స్ప్రింగు పట్టీలు చదునైపోతే, ముందటి యజమాని వాటికి తోడుగా రెండు పక్కలా గాలి బెలూన్లు పెట్టించాడు. ఒక 12 వోల్టుల కంప్రెసర్, చిన్న ట్యాంకు, డ్రైవరు ముందు రెండు గేజులు. ట్యాంకులో గాలి 110 పీఎస్ఐకి పడిపోతే మోటారు మొదలవుతుంది, 145 దగ్గర ఆగుతుంది.

దీని సుఖం రోడ్డు మీద కంటే రాత్రి ఆగినచోట ఎక్కువ తెలుస్తుంది. హార్సిలీ హిల్స్ మీద గానీ తలకోన దారిలో గానీ సమంగా ఉన్న నేల దొరకడం కష్టం. పల్లంగా ఉన్న పక్క బెలూన్‌లోకి కాస్త గాలి వదిలితే బండి నెమ్మదిగా లేచి సర్దుకుంటుంది. పెనం మీద నూనె ఒక పక్కకు జారదు, పడుకున్నవాళ్లు గోడకేసి దొర్లరు. మా ఆవిడ ఈ బండిలో మెచ్చుకున్న పరికరం ఇదొక్కటే.

బండితో వచ్చిన పాత కంప్రెసర్ ఒక దశలో ఫ్యూజులు కాల్చడం మొదలుపెట్టింది. చూపించిన వర్క్‌షాపు వాళ్లు మోటారు పోయిందని, మార్చడం తప్ప దారి లేదని చెప్పి కొత్తది బిగించారు. నల్లగా నిగనిగలాడే బాడీ, ఎక్కడా ఒక స్క్రూ తల కనిపించని నునుపు. మొదట్లో దాన్ని నేనే నలుగురికీ పొగిడాను. పాతదాని మోతకు అలవాటుపడ్డ చెవికి ఇది నడుస్తోందా లేదా అన్నట్టుండేది. ట్యాంకు కూడా తొందరగా నిండేది. ఆ నిశ్శబ్దంలో సగం దాని కింద పెట్టిన మెత్తటి రబ్బరు దిమ్మలదేనని తర్వాత తెలిసింది. అవే దిమ్మలు పాతదాని కింద పెడితే దాని గోలా చాలావరకు తగ్గింది.

కొత్తది చెయ్యిచ్చింది మదనపల్లె నుంచి తిరుపతి వస్తుండగా. పీలేరు దాటాక ఎడమ గేజు ముల్లు దిగడం మొదలైంది. కంప్రెసర్ నడుస్తూనే ఉంది, ముల్లు మాత్రం పైకి రాదు. కాసేపటికి అదీ ఆగిపోయింది. పది నిమిషాలు చల్లారాక మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. వేడెక్కితే కరెంటు తెంచుకునే రక్షణ దానిలోనే ఉంటుంది, అది తన పని చేస్తోంది. చెయ్యి దగ్గర పెడితే సెగ తగిలింది, కాలిన వార్నిష్ వాసన వచ్చింది. బండి ఎడమకు ఒరిగిపోయింది. ఆ తర్వాత వచ్చేది భాకరాపేట ఘాటు. పై బరువున్న బండి ఒరిగి ఉండగా ఆ మలుపులు దిగాలన్న ఆలోచనకే నాకు చెమట పట్టింది.

స్క్రూడ్రైవర్లు, ఎల్లెన్‌కీలు, స్ప్యానర్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి. వాటిని పెట్టడానికి ఆ కంప్రెసర్ మీద చోటే లేదు. హెడ్డు చుట్టూ రేకు అంచును లోపలికి మడిచి నొక్కేశారు. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, లోపలి వాల్వు గానీ రింగు గానీ విడిగా అమ్మరట. మొత్తం పరికరాన్ని పార్సిల్ చేస్తే పరిశీలించి చెబుతారట. పార్సిల్ చేయడానికి ముందు నేను ఇల్లు చేరాలి కదా అంటే అవతలి అమ్మాయి మర్యాదగా "అవును సార్" అంది.

ఆ సాయంత్రం నన్ను గట్టెక్కించింది బెలూన్ల పైపులో ముందటి యజమాని పెట్టించిన రెండు టైరు వాల్వులు. సైకిలు ట్యూబుకు ఉండే మూతి లాంటివి, వెనుక బంపరు కింద ఉంటాయి. ఎందుకున్నాయో అప్పటిదాకా పట్టించుకోవలసిన అవసరమే రాలేదు. భాకరాపేటలో పంచరు షాపు కుర్రాడు చక్రాన్ని వదిలేసి బంపరు కిందికి దూరమంటే వింతగా చూశాడు. "టైరుకు కాదా అన్నా?" అన్నాడు. "కాదు తమ్ముడూ, రెండు పక్కలా యాభై కొట్టు" అన్నాను. గాలి వెళ్తున్నకొద్దీ బండి మూలుగుతూ లేస్తుంటే వాడి ముఖం విప్పారింది. డబ్బు తీసుకోలేదు. ఇంకోసారి దించి చూపించమన్నాడు, దించి మళ్లీ లేపాం. ఘాటు దిగి రంగంపేట, చంద్రగిరి మీదుగా ఇల్లు చేరేసరికి ఎడమవైపు యాభైలో ముప్పై మిగిలింది. అంటే గాలి ఎక్కడో నెమ్మదిగా కారిపోతోంది.

మర్నాడు సబ్బునీళ్లు చల్లితే దొంగ దొరికింది. కొత్తది బిగించినప్పుడు నైలాన్ పైపును నిటారుగా కొయ్యకుండా ఏటవాలుగా తెంపి ఫిట్టింగులో దూర్చేశారు. లోపల గాలి కారకుండా పట్టే రబ్బరు చుట్టు (ఓ-రింగు) దానికి ఒక అంచునే పట్టుకుంటోంది. అక్కడ ఆవగింజంత బుడగలు వరసగా వస్తున్నాయి. ఆ చిన్న కారుడుకే ట్యాంకు మాటిమాటికీ ఖాళీ అవుతూ, కంప్రెసర్ ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా నడిచింది. ఈ తరహా చిన్న కంప్రెసర్లు ఏకబిగిన నడవడానికి చేసినవి కావు. 33 శాతం డ్యూటీ అని రాసి ఉంటే పది నిమిషాలు నడిచి ఇరవై నిమిషాలు ఆగాలని లెక్క. ఆ వేడికి లోపల గాలిని ఒకే దిక్కుకు పంపే పలుచని స్టీలు రేకు విరిగింది. నాకెలా తెలుసంటే, చివరికి రంపంతో కోయించి చూశాను. గోరంత రేకు. దాని కోసం మొత్తం కంప్రెసర్ పారేయాలి.

కాబట్టి చావుకు కారణం కంప్రెసర్ కాదు, పైపు కోత. ఆ మాట ఒప్పుకుంటాను. నా పేచీ చచ్చినందుకు కాదు, బతికించే దారి మూసేసినందుకు.

సీటు కింద పడి ఉన్న పాతదాన్ని ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదట దాన్ని ఖాళీ ట్యాంకుకు తగిలించి నడిపాడు, హాయిగా నడిచింది. ట్యాంకులో గాలి నింపి స్విచ్చు వేస్తే ఫ్యూజు టప్పున పోయింది. "మోటారు బాగానే ఉంది సార్, నాన్ రిటర్న్ వాల్వు పోయింది" అన్నాడు. కంప్రెసర్ ఆగినప్పుడు ట్యాంకులోని గాలిని వెనక్కి రానివ్వకుండా ఆపేది ఆ వాల్వు. అది కారితే ఒత్తిడంతా పిస్టన్ నెత్తిమీద కూర్చుంటుంది. మోటారు మళ్లీ మొదలయ్యేటప్పుడు ఆ బరువును ఎత్తలేక కరెంటు విపరీతంగా లాగుతుంది, ఫ్యూజు పోతుంది. ఒక చిన్న ఇత్తడి వాల్వు కోసం కంప్రెసర్‌నే మార్పించారన్నమాట!

ఎలాగూ వచ్చారు కదా, తల కూడా చూద్దాం అని నాలుగు స్క్రూలు విప్పాడు. నాకు అంతకుముందు లోపల ఏముంటుందో తెలియదు. సిలిండరు గోడ అద్దంలా ఉంది, ఒక పక్క మాత్రం సన్నని గీతలు. పిస్టన్ చుట్టూ ఉండాల్సిన టెఫ్లాన్ రింగు సగం అరిగి, ఆ పొడి నల్లగా అడుగున పేరుకుంది. మేస్త్రీ చూపుడువేలితో ఆ పొడి తీసి బొటనవేలికి రాసుకుని చూసి, "నూనె పోయలేదు, మంచి పని చేశారు" అన్నాడు. ఈ రకం కంప్రెసర్లు నూనె లేకుండా నడవడానికే చేస్తారు. అరవకుండా ఉండాలని నాలుగు చుక్కలు వేస్తే దుమ్ము అంటుకుని రింగూ పోతుంది, పైపుల్లోకి చేరి రబ్బరూ పాడవుతుంది.

పక్కనే ఉన్న లేత్‌లో టెఫ్లాన్ కడ్డీ నుంచి కొత్త రింగు తీయించాడు. మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షుల స్థానంలో కొంచెం పెద్దవి తెచ్చి ఆకురాయితో సైజుకు రుద్దాడు. హెడ్డు మట్టం తప్పిందని అద్దం పలక మీద నీళ్ల ఎమరీ కాగితం పరిచి, హెడ్డును బోర్లించి, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ రుద్దుతుంటే నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మచ్చలు ఒక్కొక్కటే పోయి లోహమంతా ఒకే బూడిదరంగుకు వచ్చేదాకా ఆపలేదు. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో ఐదో వంతు కూడా కాలేదు. "దీన్ని చేసినోళ్లకు బుద్ధి ఉంది సార్, నాలుగు స్క్రూలు ఇచ్చారు" అన్నాడు. ఆయన ఎవరినైనా మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆయన చేయించిన ఇంకో పని కూడా చెప్పాలి. నడుస్తున్నప్పుడు కంప్రెసర్ తీగల దగ్గర మీటరు పెడితే పది వోల్టులే చూపించింది. బ్యాటరీ అమరాన్‌ది, మన కరకంబాడిలోనే తయారవుతుంది, దాని దగ్గర కొలిస్తే పన్నెండున్నర ఉంది. రెండున్నర వోల్టులు సన్నని వైరులోనే ఆవిరవుతున్నాయి. లావు వైరు, మోటారుకు కరెంటు కలిపే కొత్త రిలే వేశాక మోటారు గొంతే మారిపోయింది. మీ కంప్రెసర్ మందకొడిగా ఉంటే తిట్టేముందు ఈ కొలత తీయండి.

అప్పటి నుంచి పాతదే పని చేస్తోంది. ఇక్కడ కాస్త గొంతు తగ్గించి చెప్పవలసినవి ఉన్నాయి. చేత్తో తీసిన రింగు కంపెనీ రింగులా కుదరదు, ట్యాంకు నిండడానికి ఇంతకుముందు కంటే ఎక్కువ సమయం పడుతోంది. రింగు మళ్లీ అరిగింది, మళ్లీ మార్పించాను. ఇక ఆ నాలుగు స్క్రూల సంగతి. అవి దిగేది అల్యూమినియంలోకి. విప్పీ బిగించీ ఒక దానికి మర అరిగి ఊడి వచ్చేసింది, పెద్ద సైజు ట్యాపు వేసి లావు స్క్రూ బిగించాల్సి వచ్చింది. ఇప్పుడు హెడ్డు మీద మూడు ఒక రకం, ఒకటి వేరే రకం. ఎన్నిసార్లు విప్పినా ఏమీ కాదని నేను కొందరికి చెప్పిన మాటను ఆ మేరకు సవరించుకుంటున్నాను.

తేమ బాధ ఏ కంప్రెసర్‌కైనా తప్పదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో ట్యాంకు అడుగున చెంబెడు నీళ్లు చేరతాయి, వారానికోసారి మర తిప్పి వదలాలి. గాలి ఆరబెట్టే సిలికా గుళికలు రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి వంట పెనం మీద మాత్రం వద్దు. మా ఇంట్లో ఈ నియమం ఆరోగ్యం కంటే ముందు మా ఆవిడ భయంతో అమల్లోకి వచ్చింది.

మరి రిపేరా, కొత్తదా? మీ బండిని బట్టి ఉంటుంది. పాత మోటార్‌హోమ్ అనగానే ఈ పిచ్చి ఉన్నవాళ్లకు జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 దాకా అమెరికాలో చేసిన బండి గుర్తొస్తుంది. దానికి నడిపించే చక్రాలు ముందు, వెనుక ఒక్కో పక్క ఒకదాని వెనుక ఒకటి రెండు చక్రాలు, వాటి మధ్య గాలి బెలూన్. పట్టీలు లేవు, వెనుక భాగాన్ని మోసేది గాలే. అలాంటి బండికి లేత్‌లో తీసిన రింగును నమ్ముకుని పొమ్మని నేను చెప్పను, కొత్తది వేసి పాతదాన్ని తోడు పెట్టుకోవాలి. నాది పట్టీలున్న బండి, గాలి పోతే ఒరుగుతుంది గానీ కూలబడదు. పైగా నేను చిత్తూరు, మదనపల్లె, బెంగళూరు దాటి పోయేది తక్కువ. ఆటోనగర్ ఇంటికి దగ్గర. స్టూలు మీద మధ్యాహ్నమంతా కూర్చునే తీరిక ఉంది. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు పాతదే మేలైంది.

మా అబ్బాయి వచ్చే వేసవికి బండి తీసుకుని ఉత్తరాదికి పోతానంటున్నాడు. వాడికి ఎల్లెన్‌కీ పట్టే ఓపిక లేదు. వాడి ప్రయాణానికి మూసేసిన కొత్తదే కొని బిగిస్తాను, పైపు కోత మాత్రం నేనే దగ్గరుండి చూసుకుంటాను.