వాటికన్ మ్యూజియంలో పోర్ఫిరీ చూడవలసిన రెండు గదులు

వాటికన్ మ్యూజియాలకు వెళ్లేవారిలో చాలామంది సిస్టీన్ చాపెల్ మీదే ధ్యాస పెట్టుకుని పియో క్లెమెంటీనో విభాగాన్ని నడకలోనే దాటేస్తారు గానీ, రాళ్ల మీద ఆసక్తి ఉన్నవారికి టికెట్టు డబ్బులు అక్కడే గిట్టుబాటవుతాయి. గుండ్రటి హాలు నడుమ పోర్ఫిరీ అనే ఊదా ఎరుపు రాతితో చేసిన, సుమారు 13 మీటర్ల చుట్టుకొలత గల తొట్టె ఉంది. పక్క గదిలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తల్లి హెలెనా, కూతురు కాన్‌స్టాంటినాల పోర్ఫిరీ శవపేటికలు ఉన్నాయి. కూతురి పేటిక మీద ద్రాక్ష కోస్తున్న బాలురు, నెమళ్లు, ఒక పొట్టేలు కనిపిస్తే, తల్లి పేటిక మీద గుర్రపు రౌతులూ బందీలూ ఉండటంతో దాన్ని మొదట ఎవరో చక్రవర్తి కోసం చెక్కి ఉంటారని పండితులు భావిస్తారు. నాకు కూతురిదే నచ్చింది.

దగ్గరగా వంగి చూస్తే ముదురు ఊదా ఎరుపు రాతిలో నూకల్లాంటి లేత రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు కనిపిస్తాయి. శిలాద్రవం లోతున నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు అవి పెరగగా, మిగతాది తర్వాత త్వరగా గట్టిపడింది. రోమన్లు ఈ రాయిని ఈజిప్టు తూర్పు ఎడారి గనుల నుంచి తెప్పించుకున్నారు. ఊదా రంగును బట్టి వచ్చిన ఈ పేరును భూగర్భ శాస్త్రజ్ఞులు ఇప్పుడు రంగుతో నిమిత్తం లేకుండా ఇటువంటి అగ్నిశిలలన్నిటికీ వాడుతున్నారు. చిలీలోని చుకికమాటా రాగి గనిని సైతం పోర్ఫిరీ నిక్షేపమనే అంటారు. బైజాంటియన్ (తూర్పు రోమన్) రాజభవనంలో పోర్ఫిరీ గదిలో పుట్టిన సంతానానికైతే ‘పోర్ఫిరీలో పుట్టినవారు’ అన్నదే బిరుదైంది.

రద్దీ ఎక్కువ కనుక ఉదయం తొలి ప్రవేశానికి టికెట్టు తీసుకోవడం మంచిది.