పసుపు ఫాగ్ లైట్లు: ఐదు చలికాలాలు, ఒక లంబసింగి ప్రయాణం తర్వాత

2020 నవంబరులో రాణిగంజ్‌లో నా కారుకు పసుపు ఫాగ్ లైట్లు వేయించాను. వైరింగు, రిలే (బల్బులకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి అందించే చిన్న పెట్టె), స్విచ్ అన్నీ కలిపి 2,800 రూపాయలైంది. ఐదు చలికాలాలు వాడాను. హైదరాబాద్‌లో తిరిగినన్నాళ్ళూ వాటి అవసరం పెద్దగా తెలియలేదు, డిసెంబరులో పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద హిమాయత్‌సాగర్ దగ్గర మంచు పడితే వేసేవాణ్ణి, అంతే. వాటి విలువ తెలిసింది 2023 జనవరిలో, నా ఫ్రెండ్‌తో కలిసి విశాఖ మన్యంలో చలికీ మంచుకీ పేరున్న లంబసింగి నుంచి ఇంటికొస్తున్నప్పుడు.

అందరూ నర్సీపట్నం దిగి హైవే ఎక్కుతారు. అడవి దారి చూడాల్సిందేనని వీడు పట్టుబట్టాడు కాబట్టి మేం చింతపల్లి, జీకే వీధి (గూడెం కొత్తవీధి), సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు మీదుగా భద్రాచలం చేరి అక్కణ్ణుంచి హైదరాబాద్ రావాలనుకున్నాం. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ఫోన్‌లో 6 డిగ్రీలు. ఊరు దాటిన రెండు నిమిషాలకే ముందు ఏమీ కనబడలేదు. టెన్షన్‌లో నేను హైబీమ్ వేశాను, అద్దానికి తెల్ల దుప్పటి కట్టినట్టయింది. "మామా, డిమ్ పెట్టు, డిమ్ పెట్టు" అని వాడు అరిచాడు. డిమ్‌లోనూ అదే పరిస్థితి. చివరికి హెడ్‌లైట్లు ఆపేసి, పార్కింగ్ లైట్లతో పాటు ఫాగ్ లైట్లు మాత్రం ఉంచితే అప్పుడు రోడ్డు దొరికింది. పదిహేనడుగులే, కానీ అంచున ఎర్రమట్టి, తడిసి వంగిన గడ్డి స్పష్టంగా ఉన్నాయి. తెల్లగీత లేనిచోట ఆ గడ్డినే గీత అనుకుని నడిపాను. వాడు ఎడమవైపు అద్దం దించి, తల బయటపెట్టి "కొంచెం కుడికి... ఆ, చాలు" అని చెబుతూనే ఉన్నాడు, మఫ్లరంతా నీటిబొట్లు. ఒక మలుపులో పసుపు వెలుగులో నాలుగు కాళ్ళు కనిపించాయి, పైన ఏమీ లేదు. బ్రేకు వేసి ఆగాక తెలిసింది ఆవు అని. చింతపల్లి దాకా 20 కిలోమీటర్లకు గంట పైనే పట్టింది.

పసుపు రంగు మంచును చీలుస్తుందని షాపుల్లో చెబుతారు, అది నిజం కాదు. మంచు బిందువులు అన్ని రంగుల వెలుగునూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఫాగ్ లైటు బంపరులో కిందుగా ఉంటుంది, వెలుగు పైకి లేవకుండా వెడల్పుగా నేలమీద పరుచుకుంటుంది, అందుకే తిరిగి మన కళ్ళలో కొట్టదు. పసుపు వల్ల కంటికి కొంచెం హాయి, అంతవరకే. కాబట్టి బిగించిన రోజే కారును గోడకు ఎదురుగా పెట్టి, వెలుగు పై అంచు ల్యాంపు ఎత్తు కన్నా కిందే పడుతోందో లేదో చూసుకోండి. పైకి బిగిస్తే ఎంత ఖరీదైన లైటయినా దండగే, ఎదురొచ్చేవాడికి కూడా ఇబ్బంది.

ఇబ్బందులూ వచ్చాయి. మొదటి వానాకాలంలోనే కుడి ల్యాంపులోకి నీళ్ళు దిగాయి, బిగించినతను వెనక రబ్బరు మూత సరిగా కూర్చోబెట్టలేదు. మూడో ఏడు బల్బులు మార్చాను. అప్పుడు ఒక షాపులో 100 వాట్లవి వేసుకోమని బాగా చెప్పారు. వద్దు. 55 వాట్ల హాలోజన్ రెండింటికి 9 ఆంపియర్ల పైచిలుకు పోతుంది, నా వైరింగు, 15 ఆంపియర్ల ఫ్యూజు దానికే సరిపోతాయి, అంతకు మించితే వేడికి హోల్డరు కరుగుతుంది.

జీకే వీధి దాటాక ఎండ వచ్చింది. ఇళ్ళ ముందు పట్టాల మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్నవాడు కాసేపు ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నాడు, నేనూ కదిలించలేదు. డొంకరాయి దగ్గర ఎదురొచ్చిన లారీ చక్రం కింది రాయి ఎగిరి ఎడమ ల్యాంపు గ్లాసు పగిలింది. భద్రాచలంలో వాడే సెల్లోటేపు కొని అంటించాడు, అలాగే ఇంకో మూడొందల కిలోమీటర్లు నడిపి అర్ధరాత్రికి ఇంటికి చేరాం. గ్లాసు విడిగా దొరకదన్నారు, సిలికాన్ పూసి అదే వాడుతున్నాను, ఆ తర్వాత ఏ వానాకాలంలోనూ నీళ్ళు రాలేదు. మొన్న వాడు కారు కొన్నాడు, దానికీ ఇవే వేయించాం. గోడ ముందు ఎత్తు నేనే సరిచూశాను.