కాకిబంగారం గుంత నుంచి పెంచలకోన వాగు దాకా

మా అమ్మమ్మ చాలా ఏళ్లు గూడూరులో మైకా, అదే కాకిబంగారం, షెడ్డుకు పోయేది. చిన్న కత్తితో రేకు మీద రేకు చీల్చడం ఆమె పని. ఆ రేకులు పుట్టిన నేలను ఒకసారి చూడాలని ఎప్పటినుంచో ఉంది. డిసెంబరులో వానలు వెనకబట్టాక అమ్మను తీసుకుని నెల్లూరు నుంచి కారులో బయల్దేరాను.

పొదలకూరు దాటి సైదాపురం వైపు తిరిగాక, అక్కడక్కడా తెల్లటి పలుగురాళ్ల కుప్పలు కనిపిస్తాయి. మైకా ఈ పలుగురాయితో కలిసే పుడుతుంది. ఒక పాత గుంత దగ్గర ఆగాం. బోర్డు లేదు, కంచె లేదు, అడుగున కదలని పచ్చటి నీళ్లు. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన దూరం నుంచే కేకేశాడు: "అంచు దాకా పోబాకండమ్మా, కింద డొల్ల!"

ఆగిపోయాం. నిలబడ్డ చోటే మట్టంతా మెరుపు. అమ్మ అరచేయంత ముక్క ఒకటి ఏరింది. అంచున గోరు పెట్టి మెల్లగా లాగితే ఉల్లిపొర కన్నా పల్చటి రేకు ఊడొచ్చింది. ఎండకెత్తి చూస్తే లేత ఆకుపచ్చ. నెల్లూరు మైకాకు పేరు తెచ్చింది ఆ పచ్చదనమే. ఇస్త్రీపెట్టెలో వేడి తీగ చుట్టేది ఇలాంటి రేకు మీదే, పాత రేడియో వాల్వుల్లోనూ ఇదే. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ గిరాకీ పోయింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ అమ్మమ్మ చేతి గీతల్లో ఎప్పుడూ ఈ మెరుపు ఉండేదమ్మా" అంది.

గుంతకు అరగంట చాలు. చిన్నపిల్లలతో మాత్రం వెళ్లకండి. పనులు నడుస్తున్న గనుల్లోకి అడక్కుండా పోకండి.

రాపూరు మీదుగా సాయంత్రానికి నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోన చేరాం. దారిలో ఒక లాడ్జికి ముందే అడ్వాన్సు కట్టాను. తీరా వెళ్తే గది వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. చీకటి పడుతోంది, పక్కన అమ్మ, టెన్షన్ పడ్డాను. చివరికి కోనలో దేవస్థానం గది దొరికింది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చిచ్చారు. నా మాటగా, రాత్రి ఉండేట్టయితే నేరుగా కోనకే రండి. శనివారం మాత్రం వద్దు, జనం ఎక్కువ.

పొద్దున ఆరింటికి గుడి వెనక నుంచి వాగు వెంట నడిచాం. ఇక్కడ కణ్వ మహర్షి తపస్సు చేశాడని, ఆయన పేరున కణ్వలేరు కండలేరయిందని స్థలపురాణం. మద్రాసుకు తాగునీళ్లిచ్చే కండలేరు జలాశయం దిగువన ఈ ఏటి మీదే ఉంది. ఇక్కడ మాత్రం నీళ్లు మోకాలు దాటవు. గులకరాళ్ల మీదుగా జారిపోతూ ఉంటాయి, పైన చెట్ల కొమ్మలు కలుసుకుని ఎండను ఆపుతాయి. పిట్టల కూతలు తప్ప ఇంకో చప్పుడు లేదు. గంటసేపు ఒక బండ మీద కూర్చున్నాం.

1997 నుంచి ఇది పెనుశిల నరసింహ అభయారణ్యం. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే అడవి కాబట్టి జలపాతం దాకా పోవాలంటే అటవీ సిబ్బందిని అడగండి. మేము సగం దారిలోనే ఆగాం, అమ్మకు మోకాళ్ల నొప్పి. తిరిగేముందు ఆమె వాగులో చేతులు కడుక్కుంది. రెండుసార్లు రుద్దినా వేళ్ల సందుల్లో నిన్నటి మెరుపు పోలేదు. మూడోసారి రుద్దలేదు.